డ్రైవర్ ఎప్పుడు పడుకున్నాడో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర ఉండాలని ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో రాశారు. అదే రోజు మరో పేజీలో, ఆగి ఉన్న లారీని బస్సు ఢీకొన్న వార్త వచ్చింది. ‘డ్రైవర్ నిద్రమత్తే కారణమని పోలీసులు ప్రాథమికంగా తేల్చారు’ అనే వాక్యంతో ఆ వార్త అయిపోయింది. మా ఇంట్లో ఆ రెండు పేజీలనూ విడదీసి చదవలేం. మా ఆయన హైదరాబాద్–బెంగళూరు స్లీపర్ బస్సు నడుపుతారు.

ఏడు గంటలన్న మాట నిజమే. మా అమ్మాయి నర్సింగ్ చదువుతోంది, తనే వివరంగా చెప్పింది. 18 నుంచి 60 ఏళ్ల వాళ్లకు ఏడు గంటలకు తగ్గకూడదని అమెరికాలో నిద్ర మీద పనిచేసే డాక్టర్లు, శాస్త్రవేత్తల సంఘాలు 2015లోనే కలిసి చెప్పాయట. ‘నాకు అలవాటైపోయింది, నాలుగు గంటలు చాలు’ అని మా ఆయన అంటారు. ఆయనతో పనిచేసే డ్రైవర్లందరిదీ అదే మాట. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యంగా ఉన్న మనుషులను రెండు వారాల పాటు రోజుకు ఆరేసి గంటలు, నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చి పరీక్షించారు. రోజురోజుకూ వాళ్ల చురుకుదనం తగ్గుతూ, చివరికి ఒకటి రెండు రాత్రులు అసలు కన్నుమూయని వాళ్ల స్థాయికి పడిపోయింది. వాళ్లకు మాత్రం తాము అంతగా దెబ్బతిన్నట్టు తెలియనే లేదు. నన్ను భయపెట్టింది ఈ చివరి సంగతే. నిద్ర చాలని మనిషికి తనకు చాలడం లేదని తెలియకపోతే ఇక ఎవరు చెప్పాలి?

మా ఇంట్లో పగలు ఎలా గడుస్తుందో చెబుతాను. బస్సు పొద్దున ఏడింటికి ఊళ్లోకి వస్తుంది. డ్రాపింగ్ పాయింట్లన్నీ తిరిగి, బండి యార్డులో పెట్టి, ట్రిప్ షీటు అప్పగించి బయటపడేసరికి తొమ్మిది. కాటేదాన్‌లో మా అద్దె ఇంటికి చేరి, స్నానం చేసి, ఇంత తిని నడుం వాల్చేసరికి పదిన్నర దాటుతుంది. సాయంత్రం ఆరింటికల్లా మళ్లీ యార్డులో ఉండాలి. మాది రేకుల ఇల్లు. ఎండాకాలం పన్నెండు దాటితే ఫ్యాను వేడిగాలే కొడుతుంది. కిటికీకి నల్ల దుప్పటి కట్టాను, కాలింగ్ బెల్ వైరు పీకేశాను, ఆయన లేచేదాకా కుక్కర్ పెట్టను. కానీ నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు వీధిలో బిందెల గోల ఆపమని ఎవరిని అడగను? సరిగ్గా కన్ను అంటుకునే వేళకు ఆఫీసు నుంచి ఫోను, ‘అన్నా, బండి మారింది, గంట ముందు రా’ అని. ఫోను ఆపేసి పడుకుంటే డ్యూటీ ఇంకొకరికి పోతుంది. అన్నీ పోను నాలుగు గంటలు దక్కితే ఆ రోజుకు గొప్ప. ఆ నాలుగు గంటల్లో కూడా కుడికాలు బ్రేకు తొక్కుతున్నట్టు ఉండుండి కదులుతుంది. పక్కన కూర్చుని చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పైగా పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. వెలుతురు ఉన్నంతసేపూ ఒళ్లు మేలుకొమ్మంటుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య అదే ఒళ్లు పడుకోమని పట్టుబడుతుంది. ఆ వేళకు బస్సు గుత్తి దాటి అనంతపురం వైపు పోతుంటుంది. సెలవు తర్వాత మొదటి ట్రిప్పు మరీ కష్టం. సెలవు నాడు మాతో పాటే ఆరింటికి లేస్తారు కాబట్టి, బస్సు జడ్చర్ల దాటే పదకొండింటికే ఆయన మేలుకుని పదిహేడు గంటలవుతుంది. పదిహేడు గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి పనితనంతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన చట్టం 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు పెడుతుంది. మందు తాగాడో లేదో ఊదించి చూసే యంత్రం రోడ్డు మీద ఉంది. నిన్న ఎప్పుడు పడుకున్నావని అడిగే అధికారి మాత్రం మా ఆయనకు ఇంతవరకూ ఎదురుకాలేదు.

ఇద్దరు డ్రైవర్లు ఉంటారు కదా అంటారు. ఆయన పనిచేసే చోట సీజన్ లేనప్పుడు ఒక్కరినే పంపుతారు. ఇద్దరు ఉన్నప్పుడైనా రెండోవారు పడుకునేది కింద సామాన్ల డిక్కీలో, ప్రతి స్పీడ్ బ్రేకరూ వీపుకు తగిలేలా. బెంగళూరులో దిగాక పగలంతా పడుకోవడానికీ అదే డిక్కీ.

లక్ష్మణుడి పద్నాలుగేళ్ల నిద్ర ఊర్మిళ పోయిందని మన ఆడవాళ్లు పాడుకుంటారు. మా ఆయన నిద్ర నేను పోయే వీలుంటే ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు.

ఒక డ్యూటీకీ మరో డ్యూటీకీ మధ్య తొమ్మిది గంటలు ఎడతెగని విశ్రాంతి ఇవ్వాలని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. పైన చెప్పిన లెక్క చూడండి, కాగితం మీద ఆ తొమ్మిది గంటలూ మా ఆయనకు అందుతూనే ఉన్నాయి. రానూపోనూ ప్రయాణం, స్నానం, తిండి అన్నీ అందులోవే. ఏడు గంటల నిద్ర పట్టాలంటే ఆ విరామం కనీసం పన్నెండు గంటలుండాలి. విమాన పైలట్లకు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు, చాలా మంచిది. రాత్రి బస్సులో పడుకునేవాళ్లవీ ప్రాణాలే.

హైవే మీద పోలీసులు రాత్రిళ్లు బండ్లు ఆపి డ్రైవర్లతో మొహం కడిగిస్తున్నారు. వాళ్లకు దండం పెడతాను. కానీ చన్నీళ్ల ప్రభావం కాసేపే. ఇరవై నిమిషాలు బండి పక్కకు ఆపి కునుకు తీస్తే అంతకంటే మేలు. అలా ఆపితే ప్రయాణికులు లేచి అరుస్తారు, ఆఫీసుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తారు. వాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను, ఆ ఇరవై నిమిషాలు ఓర్చుకోండి. ట్రావెల్స్ యజమానులు రెండు చివర్లా మంచాలు, ఫ్యాన్లు, స్నానాల గది ఉన్న గదులు చూపించాలి. అవి లేకుండా పర్మిట్ రెన్యువల్ చేయకూడదు.

మీ పత్రికను అడిగేది ఒకటే. ఇకముందు ఇలాంటి ప్రమాదం వార్త వచ్చినప్పుడు, ఆ డ్రైవర్ డ్యూటీ ఎక్కింది ఎన్నింటికి, అంతకుముందు డ్యూటీ దిగింది ఎన్నింటికి, మధ్యలో ఎక్కడ పడుకున్నాడు అన్న మూడు సంగతులు మీ విలేకరి కనుక్కుని రాయాలి. అప్పుడు ఆ వార్తలో డ్రైవర్ పేరు పక్కన యజమాని పేరు కూడా ఉంటుంది.

ఇట్లు,
ఒక రాత్రి బస్సు డ్రైవర్ భార్య,
కాటేదాన్, హైదరాబాద్
(ఆయన ఉద్యోగానికి ఇబ్బంది కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.)