నీ ఆల్ టైమ్ టీమ్ చూశాను బావా

ఒరేయ్ బావా,

మన పాచికల బేస్‌బాల్ ఆట డ్రాఫ్ట్‌లో (ఆటగాళ్లని పంచుకునే రోజున) నువ్వు తీసుకోవాలనుకుంటున్న అన్ని కాలాల ఆటగాళ్ల లిస్టు అందింది. బేబ్ రూత్, టెడ్ విలియమ్స్, బారీ బాండ్స్ ముగ్గురూ ఒకే టీమ్‌లో! బాండ్స్‌కి 2004 సీజన్ ఎంచుకోవడం అదిరిందిరా. ఆ ఏడాది 232 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఊరికే దక్కే ఫస్ట్ బేస్), అందులో 120 అవతలివాళ్లు కావాలని ఇచ్చినవే. అంతమంది పిచ్చర్లు బంతి వెయ్యడానికే జంకారంటే ఇంకేం కావాలి. కానీ విలియమ్స్, బాండ్స్ ఇద్దరూ లెఫ్ట్ ఫీల్డర్లే కదా, మన లీగ్‌లో డీహెచ్ (పిచ్చర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) కూడా లేదు. ఒకరిని సెంటర్ ఫీల్డ్‌కి నెడతావా? అక్కడ విల్లీ మేస్ ఉండాల్సిందే. 660 హోమ్ రన్లు కొట్టి, 12 గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు) తీసుకున్న మనిషిని ఎలా వదిలేశావ్?

మన ఆట నడిచే తీరు ఒక్కసారి గుర్తు తెచ్చుకో. మూడు పాచికలు వేస్తాం. తెల్లదాని మీద 1, 2, 3 పడితే బ్యాటర్ కార్డు, 4, 5, 6 పడితే పిచ్చర్ కార్డు. మిగతా రెండూ కలిపితే ఎంతొస్తే ఆ వరసలో ఏం రాసుంటే అదే జరిగినట్టు. అంటే సగం సార్లు నీ హీరోల కార్డు వైపు చూసే పనే పడదు! పైగా పిచ్చర్ కార్డులో కొన్ని చోట్ల ఫలితం ఫీల్డర్ చేతిలో ఉంటుంది, అందులో ఎక్కువ వాటా షార్ట్‌స్టాప్‌దే (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్). నువ్వేమో షార్ట్‌స్టాప్‌ని కూడా హోమ్ రన్లు చూసే తీసుకున్నావు. ఓజీ స్మిత్‌ని తీసుకో, 1980 నుంచి 1992 దాకా వరసగా 13 గోల్డ్ గ్లవ్‌లు. బ్యాటింగ్ కూడా కావాలంటే హోనస్ వాగ్నర్ ఉన్నాడు. ఎనిమిదిసార్లు నేషనల్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ (లీగ్‌లో అందరికంటే ఎక్కువ యావరేజ్) గెలిచాడు. మా పిట్స్‌బర్గ్‌లో స్టేడియం బయట ఆయన విగ్రహం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నన్ను బాగా కలవరపెట్టింది మాత్రం నీ ఫస్ట్ బేస్. 1930 బిల్ టెర్రీ, 0.401 యావరేజ్ (అంటే వెయ్యి ఛాన్సుల్లో 401 హిట్లు). చూడ్డానికి అద్భుతమే. కానీ ఆ ఏడాది నేషనల్ లీగ్ మొత్తం యావరేజే 0.303 రా! 1968లో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచిన యాస్ట్రెమ్‌స్కీ యావరేజ్ 0.301. ఒక ఏడాది టాపర్ ఇంకో ఏడాది సగటు ఆటగాడి కంటే కింద ఉన్నాడంటే, ఉత్త అంకెలు పక్కపక్కన పెట్టి ఏం తేలుస్తాం? ఎవరినైనా తను ఆడిన కాలంతోనే కొలవాలి. టెర్రీని తీసేసి కళ్లు మూసుకుని లూ గెహ్రిగ్‌ని పెట్టు.

క్యాచర్ దగ్గర మాత్రం బతిమాలుతున్నా, జాష్ గిబ్సన్‌ని నాకు వదిలెయ్. నల్లవాళ్లని మేజర్ లీగ్స్‌లోకి రానివ్వని రోజుల్లో ఇక్కడే పిట్స్‌బర్గ్‌లో, నల్లవాళ్ల టీమ్‌లైన హోమ్‌స్టెడ్ గ్రేస్‌కీ క్రాఫర్డ్స్‌కీ ఆడాడు. 1947 జనవరిలో 35 ఏళ్లకే పోయాడు. ఏప్రిల్‌లో నల్లవాడైన జాకీ రాబిన్సన్ ఆ అడ్డు దాటి మేజర్ లీగ్స్‌లో అడుగుపెట్టాడు. మూడు నెలలు, అంతే. 2024లో నీగ్రో లీగ్స్ (నల్లవాళ్ల లీగ్‌లు) లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక, 0.372 కెరీర్ యావరేజ్‌తో అంతవరకు టాప్‌లో ఉన్న టై కాబ్‌ని కూడా దాటేశాడు. ఆడిన మ్యాచ్‌లు తక్కువ అంటావేమో. ఆడనివ్వంది ఎవరు? ఆ తప్పు ఆయన ఖాతాలో వెయ్యకు.

ఇక పిచ్చర్ సంగతి నువ్వే తేల్చాలి. 1968 బాబ్ గిబ్సన్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ తన వల్ల ఇచ్చే సగటు పరుగులు, ఎంత తక్కువైతే అంత మేలు) 1.12. ఆ దెబ్బకి మరుసటి ఏడాది మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎత్తు 15 అంగుళాల నుంచి 10కి దించారు. కానీ అప్పుడు లీగ్ మొత్తమే 3 లోపు. 2000లో పెడ్రో మార్టినెజ్‌ది 1.74, లీగ్‌ది దాదాపు 4.9. నా లెక్కలో పెడ్రోనే గొప్ప. చిక్కేంటంటే పెడ్రో 217 ఇన్నింగ్స్ వేశాడు, బాబ్ 304. మిగతా ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు? మ్యాచ్ చివర్లో వచ్చి బంతి వేసే మారియానో రివెరా నా చేతికొస్తే పెడ్రో, నువ్వు ముందే ఎగరేసుకుపోతే బాబ్. ఇదీ నా ప్లాన్, దాచకుండా చెప్పేశా.

డ్రాఫ్ట్ శనివారం. ఈలోగా సెంటర్ ఫీల్డ్ సంగతి తేల్చి ఫోన్ చెయ్. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఉంటా మరి.