లషుంటా పాత్రలపై ఈ ఏడాది పని: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

స్టార్‌ఫైండర్ (బల్ల చుట్టూ కూర్చుని ఊహాపాత్రలను నడిపే అంతరిక్ష ఆట) బల్లల దగ్గర ఈ ఏడాది మన శ్రమంతా దాదాపు లషుంటా అనే గ్రహాంతర జాతి మీదే సాగింది. నుదుటి నుంచి లేచే రెండు యాంటెన్నాలు తప్ప అచ్చం మనిషి రూపమే కావడంతో, కొత్తవాళ్లు ఆ పాత్రను మనిషిలాగే ఆడేసి వెళ్తున్నారు. తేడా తెలిసేది నిబంధనల్లోనే. అందుకే తెలుగులో క్యారెక్టర్ షీటు (పాత్ర వివరాలు, అంకెలు రాసుకునే కాగితం) తయారుచేశాం.

షీటులో మొదటి గడి రూపానిది. కాస్ట్రోవెల్ గ్రహపు ఈ జాతివాళ్లు ఎదిగే వయసులో దమయా, కొరాషా అనే రెండు రూపాల్లో ఒకదానికి మారతారు. దమయాకు బుద్ధి, ఆకర్షణ చెరో 2 పెరిగి, దేహదారుఢ్యం 2 తగ్గుతుంది. కొరాషాకు బలం, ఆకర్షణ చెరో 2 పెరిగి, వివేకం 2 తగ్గుతుంది. జాతిపరంగా వచ్చే హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం) ఏ రూపానికైనా 4.

ఎక్కువమంది తడబడింది దమయా టెక్నోమాన్సర్ (సాంకేతికతను మంత్రంతో కలిపే వృత్తి) దగ్గర. ప్రతి సామర్థ్యం 10తో మొదలవుతుంది; వాటి మీద పంచుకునే 10 పాయింట్లలో సింహభాగం బుద్ధికి పోసి, దేహదారుఢ్యాన్ని 8 దగ్గరే వదిలేస్తారు. హిట్ పాయింట్లు జాతి 4కు వృత్తి 5 కలిసి 9 వస్తాయి గానీ, స్టామినా (ముందుగా దెబ్బలు కాచే సత్తువ) 5లో ఒకటి కోసుకుపోతుంది. ఆ కోత ప్రతి లెవెల్‌కీ ఉంటుంది. మేం సూచించే లెక్క ఇది: పాత్రకు నేపథ్యమిచ్చే స్కాలర్ థీమ్‌తో బుద్ధి 13 అవుతుంది, 5 పాయింట్లు వేస్తే 18. మరో 2 దేహదారుఢ్యానికి వేసి 10 చేయాలి. మిగిలిన 3 చురుకుదనానికి. కొరాషా రూపం నక్షత్రశక్తితో పోరాడే సోలారియన్‌కు చక్కగా కుదురుతుంది. వివేకం మీద ఆధారపడి మంత్రాలు వేసే మిస్టిక్ మాత్రం వద్దు: థీమ్ సాయం లేకుంటే వివేకాన్ని 18కి చేర్చడానికే పదీ అయిపోతాయి.

ఇక టెలిపతి, అంటే నోరు మెదపకుండా మనసుతోనే మాట్లాడటం. నిజమైన గొడవ ఇక్కడే. పరిధి 30 అడుగులు, మ్యాప్ మీద 6 గళ్లు. అవతలివాళ్లకూ మనకూ ఉమ్మడి భాష ఒకటుండాలి. ఈ షరతు మరిచిపోయి జంతువులతో కబుర్లు పెట్టినవాళ్లున్నారు! ఇది మాట చేరవేయడమే, మనసు చదవడం కాదు. చదవడానికి వేరే శక్తి ఉంది, అది రోజుకు ఒక్కసారే. అందులోనూ పైపై ఆలోచనలు మూడో రౌండు (ఆటలో కాలాన్ని లెక్కించే వంతు) దాకా అందవు, ఈలోగా ఏకాగ్రత చెదిరితే అంతా వృథా.

రహస్య సంభాషణకు మొదట చీటీలు వాడించాం. రాసేవాళ్లు రాస్తుంటే మిగతావాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు, పద్ధతి మానిపించాం. ఇప్పుడు టెలిపతి మాటలు చేయి నుదుటికి ఆనించి పైకే అనాలి. విన్న ఆటగాడు తన పాత్రకు తెలియనట్టే నడుచుకోవాలి. పెద్దవాళ్లకంటే పిల్లలే దీన్ని నిజాయితీగా పాటించారు.

వేషధారణకు హెయిర్‌బ్యాండు మీద తీగ యాంటెన్నాలు చేయించాం. గ్లూ గన్ జిగురు ఎండలో నిలిపిన కారులో మెత్తబడి ఊడిపోతోంది. తీగ మొదలును బ్యాండుకు చుట్టి దారంతో కుట్టేయండి.

2025లో ఈ ఆట రెండో ఎడిషన్ వచ్చింది. అందులో 18, 12 లాంటి స్కోర్లు లేవు, నేరుగా మాడిఫైయర్లే (పాచిక మీద కలిపే +4, +1 లాంటి అంకెలు). కాబట్టి మన షీటు దానికి పనికిరాదు. కొత్తది తయారయ్యేవరకు ఒకే బల్ల మీద రెండు ఎడిషన్లు కలపవద్దని కార్యవర్గం నిర్ణయించింది. పాత షీట్ల పైభాగంలో ‘మొదటి ఎడిషన్’ అని పెన్నుతో రాసుకోగలరు.