ఆదివారం చర్చకు బ్లూ బీటిల్

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం చర్చకు కామిక్స్ చిత్రకారుడు స్టీవ్ డిట్కో 1966లో చార్ల్‌టన్ కామిక్స్ అనే ప్రచురణ సంస్థ కోసం రూపొందించిన టెడ్ కార్డ్‌ను, అంటే 'బ్లూ బీటిల్' అనే సూపర్‌హీరో పేరు పెట్టుకున్న రెండో వ్యక్తిని తీసుకుంటున్నాం. తన ముందువాడైన డాన్ గారెట్‌కు అతీత శక్తులిచ్చిన స్కారబ్ (పేడపురుగు ఆకారంలోని మాయా తాయెత్తు) తనకు అక్కరకు రాకపోవడంతో, టెడ్ పూర్తిగా సొంత బుర్రనూ, కసరత్తునూ, తాను తయారుచేసుకున్న పరికరాలనూ నమ్ముకుని నేరస్థులపైకి దిగాడు. అతని తుపాకీ నుంచి తూటా రాదు. ఎదుటివాడి కళ్లు బైర్లు కమ్మించే వెలుగు గానీ, వెనక్కి విసిరికొట్టే గాలి గానీ వెలువడుతుంది. పురుగు ఆకారంలో ఉండే 'బగ్' అనే విమానం నుంచి తీగ పట్టుకుని కిందికి దిగే దృశ్యాలను డిట్కో బొమ్మల్లో తీరిగ్గా చూడండి. సూపర్‌హీరోల బృందమైన జస్టిస్ లీగ్ కథల్లో పొట్ట పెంచుకుని, జోకులేసే ఈ మనిషే నాకు బ్యాట్‌మ్యాన్ కంటే దగ్గరివాడనిపిస్తాడు. 2005లో అతనికి ఏమైందో తెలిసినవారు, చదవనివారి కోసం ఆదివారం వరకు బయటపెట్టవద్దని మనవి.