ఉపగ్రహ చిత్రాల కింద వివరాలేవీ?

పత్రికలు ఉపగ్రహ చిత్రాలను వివరాలు లేకుండా అచ్చువేయడం వల్ల పాఠకులు తప్పుడు నిర్ధారణలకు వస్తున్నారు. ఎండల వార్తలతో వచ్చే ఉష్ణోగ్రత పటాలనే చూడండి. చాలావాటిలో కనిపించేది గాలి వేడి కాదు, నేల పైపొర వేడి. వాతావరణ కేంద్రాల్లో థర్మామీటరును నేలకు సుమారు మీటరున్నర ఎత్తున, నీడపట్టున, గాలి ఆడే పెట్టెలో ఉంచుతారు. ఉపగ్రహం మాత్రం మట్టి, తారురోడ్డు, ఇంటికప్పు వెలువరించే పరారుణ కిరణాలను, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను, కొలుస్తుంది. మండుటెండలో ఎండిన బీడునేల గాలికంటే 10, 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మామూలే. ఆ నేల వేడి అంకెతో ‘55 డిగ్రీల ఎండ’ అని శీర్షిక పెడితే అది అబద్ధమే అవుతుంది. పైగా అమెరికా భూపరిశీలన ఉపగ్రహాలైన ల్యాండ్‌శాట్ 8, 9లలో వేడిని కొలిచే థర్మల్ సెన్సర్ 100 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న నేలను ఒకే పిక్సెల్‌గా (చిత్రంలోని ఒక్క చుక్కగా) చూస్తుంది. చెట్టునీడ, రోడ్డు అందులో కలిసిపోతాయి. మబ్బు అడ్డొస్తే నమోదయ్యేది మబ్బు పైభాగపు చల్లదనం. రంగులతోనూ ఇదే చిక్కు. సమీప పరారుణ బ్యాండుకు, అంటే కంటికి కనిపించే ఎరుపును దాటి ఉండే కిరణాల శ్రేణికి, ఎరుపు కేటాయించిన చిత్రంలో ఎర్రగా మెరిసేది ఏపుగా ఎదిగిన పైరు, మంట కాదు. ఆరోగ్యమైన ఆకు ఆ కిరణాలను బలంగా వెనక్కి పంపుతుంది. కాబట్టి ప్రతి చిత్రం కింద ఉపగ్రహం పేరు, తీసిన తేదీ, స్థానిక సమయం, పిక్సెల్ పరిమాణం, ఏ బ్యాండుకు ఏ రంగు ఇచ్చారన్నది ఒక్క వరుసలో వేయండి. ఉష్ణోగ్రత పటమైతే ‘నేల ఉపరితలం’ అన్న మాట శీర్షికలోనే ఉండాలి. ‘అప్పుడు–ఇప్పుడు’ జంట చిత్రాలకు ఒకే రుతువులో తీసినవే ఎంచుకోవాలి. కోతల ముందరి పొలాన్ని, కోతల తర్వాతి పొలాన్ని పక్కపక్కన పెట్టి పచ్చదనం తరిగిందనడం సరికాదు.