కార్డు ఇచ్చారు, మాత్రలేవీ?
ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకు జీన్ ఎడిటింగ్, అంటే జన్యువును మార్చే చికిత్స వచ్చేసిందని సంబరపడుతున్నాం గానీ, ఆ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఏజెన్సీ ఊళ్లకు అది ఎప్పుడొస్తుందో ఎవరూ అడగడం లేదు. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన కాస్‌జెవీ అనే ఆ చికిత్స గొప్పదే, రక్తాన్ని తయారుచేసే రోగి సొంత మూలకణాలు బయటికి తీసి, తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌ను పుట్టాక అణచిపెట్టే బీసీఎల్11ఏ జన్యువు జోరును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తగ్గించి, ఆ హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా చేసి తిరిగి ఎక్కిస్తారు, కాకపోతే అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, పైగా ముందు గట్టి కీమో. మొన్న ఏజెన్సీలో ఓ ఆరోగ్య కేంద్రం బయట మోకాళ్లు పట్టుకుని ఏడుస్తున్న పదేళ్ల పిల్లాణ్ని చూశాను. వాళ్లమ్మ చేతిలో మడతలు పడిన సికిల్ సెల్ కార్డు ఉంది, ఈ జబ్బు నొప్పుల్ని తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్రలు మాత్రం అయిపోయాయట, వచ్చే వారం రమ్మన్నారు. ఘాట్ రోడ్డులో ఆటోకు రానుపోను ఎంతవుతుందో తెలిసే రమ్మన్నారా? ఢిల్లీలో ఐజీఐబీ అనే ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తక్కువ ఖర్చులో ఇలాంటి చికిత్స కోసమే పనిచేస్తున్నారు కాబట్టి, అది చేతికొచ్చేలోపే విశాఖ, వరంగల్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో మూలకణ మార్పిడికి పడకలు, శిక్షణ పొందిన సిబ్బంది సరిపడా ఉండేలా చూడాలి, ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చేర్చాలి. అప్పటిదాకా ప్రతి పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేసి రెండు నెలల మాత్రలు ఒకేసారి చేతికివ్వండి.
– ఓ టీచరు, నర్సీపట్నం