ఫార్మాట్ కొట్టనియ్యకు చెల్లె

చెల్లె,

నువ్వు, అమ్మ మంచిగున్నరనుకుంటున్న. నేను మంచిగనే ఉన్న. పని ఎప్పటిలెక్కనే నడుస్తుంది. మ్యూనిక్‌ల చలి ముదిరింది గని రూముల హీటర్ ఉంటది, రంది పడొద్దని అమ్మకు చెప్పు.

మన ఉబుంటు (విండోస్ లెక్కనే కంప్యూటర్‌ను నడిపించేది) కంప్యూటర్ల లాగిన్ బొమ్మ వస్తలేదని దుకాణానికి తీస్కపోతనన్నవు. తీస్కపోకు. వాళ్ళు చూడంగనే ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తమంటరు. దాంట్ల అవ్వ గొంతున్నది. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, నడుమల "జర నీళ్ళు తాగనియ్యి బిడ్డా" అని నన్ను ఆపిన మాటలు, అన్నీ అండ్లనే. ఇంకో కాడ ఎక్కడ లేవు.

నువ్వు పంపిన ఫోటో చూసిన. నల్లటి స్క్రీన్ మీద మూలకు చిన్న గీత కొట్టుకుంటున్నది. అంటే మిషన్ లేస్తనే ఉంది, లాగిన్ బొమ్మ చూపించే జీడీఎం అనే ప్రోగ్రామే లేస్తలేదు. ఇంటి తలుపు పట్టుకపోయినట్టు అనుకో, సామాను లోపల్నే భద్రం. మన ఫైళ్ళన్నీ ఉండే హోమ్ ఫోల్డర్‌కు ఏం కాలే, పాటలు అండ్లనే ఉన్నయి.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. ఉత్త అక్షరాలతోని లాగిన్ అడుగుతది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు సుత కనపడవు, అయినా పడుతనే ఉంటది, భయపడకు. నేను తెలుగుల రాస్తున్న గని నువ్వు ఇంగ్లీషుల కొట్టు, కాలేజీల చెప్పిన ముక్కలే ఇవి. ముందుగాల "డీఎఫ్ -హెచ్" కొట్టు, డిస్క్‌ల జాగ ఎంతున్నదో చూపిస్తది. చివరికి ఉత్త స్లాష్ ఒక్కటే ఉన్న వరుసల 100% అని వస్తే డిస్క్ నిండినట్టు. జాగ లేకుంటే జీడీఎం తన ఫైళ్ళు రాసుకోలేక ఆగిపోతది. పెండ్లి వీడియోలు ఎక్కించినంక జాగ తక్కువున్నదని చూపించిందన్నవు గద, నా అనుమానం దాని మీదనే. "సుడో ఆప్ట్ క్లీన్" కొట్టు, దిగిన పాత ప్యాకేజీలు పోతయి. "సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం" కొడితే మిషన్ తన పని గురించి రాసుకున్న పాత లాగ్ ఫైళ్ళు తగ్గుతయి. ఆ తర్వాత "సుడో రీబూట్". ట్రాష్ మాత్రం ఖాళీ చెయ్యకు, అండ్ల ఏమున్నదో నేను చూడాలె.

పెద్దనాయిన ఇంకా అంటున్నడట, ముసలామె పోతే మనుమడు రాలేదని. నా పర్మిట్ కాయితాలు అప్పుడు రెన్యూవల్‌ల ఉండె. దేశం దాటితే మళ్ళ రానియ్యరేమోనని ఆగిన. మన అప్పుల సంగతి పెద్దనాయినకు తెల్వదా? ఆ రోజంత ఫోన్ చేతుల పట్టుకొనే ఉన్న. నువ్వు వీడియోల చూపించినవు, నా పానం దాంతోని నిమ్మళమైతదా? ఆయనకు ఇయ్యన్నీ చెప్పకు, నేనే మాట్లాడుత.

అమ్మను చెరువుగట్టు జాతరకు తోలుకపో గని గట్టు నడిచి ఎక్కనియ్యకు. మోకాళ్ళ గోలీలు టైముకు ఏసుకుంటున్నదా? నిజం చెప్పు.

స్లాష్ వరుసల జాగ ఉండి సుత స్క్రీన్ రాకపోతే, అప్‌డేట్ నడుమల కరెంటు పోయిందన్నవు, అదే అయ్యుంటది. "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ" కొడితే సగంల ఆగినయి పూర్తయితయి. అదీ పని చెయ్యకపోతే స్విచ్ వేయంగనే ఎస్కేప్ నొక్కు, మెనూ వస్తది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌ల కిందున్న పాత కెర్నల్‌తోని (ఉబుంటుల అసలు గుండెకాయ అది) లేపి చూడు.

అప్పటికీ కాకపోతే ఇగ ఏం ముట్టకు. నా టేబుల్ సొరుగుల ఉబుంటు పెన్‌డ్రైవ్ ఉన్నది. దాంతోని లేపి "ట్రై ఉబుంటు" నొక్కు, "ఇన్‌స్టాల్" అన్నదాని జోలికి పోకు. మన డిస్క్ తెరిచి పాటల ఫోల్డర్‌ను ఇంకో పెన్‌డ్రైవ్‌లకు కాపీ చెయ్యి. పర్మిషన్ లేదంటే నాకు ఫోన్ చెయ్యి. నీకు రాత్రి పదైతే నాకు సాయంత్రం ఐదున్నర, అప్పటికి రూముకొస్త.

మీ అన్న