రీడర్ లాక్ ఊరికే రాదు, పిల్లలకి ఆ మాట కూడా చెప్పండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ చదువు పేజీలో ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అయ్యే ఇంజినీరింగ్ పిల్లల కోసం వేసిన ప్రశ్నలు చూశానండి, అందులో రీడర్స్ రైటర్స్ గురించి, అంటే ఒకే డేటాని కొందరు చదువుతూ కొందరు మారుస్తూ ఉంటే గొడవ రాకుండా లాక్ (ఎవరు ఎప్పుడు లోపలికి రావచ్చో చూసే తాళం) ఎలా పెట్టాలన్న దాని గురించి, రాసింది తప్పు కాదు గానీ సగమే ఉంది. నేను లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మీద పని చేస్తాను, మిగతా సగం తెలీక కొత్తగా చేరిన పిల్లలు తికమకపడటం రోజూ చూస్తున్నా, అందుకే రాయాలనిపించింది.

చదివేవాళ్ళు ఎంతమందైనా ఒకేసారి లోపలుండొచ్చు, రాసేవాడుంటే మాత్రం వాడొక్కడే ఉండాలి, 1971లో కోర్ట్‌వా, హేమన్స్, పార్నాస్ రాసిన పేపర్ దగ్గర్నుంచి కాలేజీల్లో చెప్పేది ఇదే. మొన్న మా అక్క కొడుకు సెమిస్టర్‌కి చదువుతూ "మామయ్యా, చదివేవాళ్ళే ఎక్కువుంటే ఈ లాక్ మామూలు లాక్ కన్నా ఫాస్ట్ కదా" అన్నాడు. అన్నిసార్లూ కాదురా అంటే నమ్మలేదు.

ఊరి లైబ్రరీలో బోర్డు మీద కాగితం అంటించారనుకోండి, పదిమందీ ఒకేసారి నిలబడి చదువుకోవచ్చు, కానీ లోపలికి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఒకటే రిజిస్టర్లో సంతకం పెట్టాలంటే ఆ రిజిస్టర్ దగ్గరే లైను కడతారు, చదవడానికి పట్టేది అర నిమిషమే అయినా. రీడర్ లాక్ కూడా అంతే, డేటాని ఎవరూ మార్చట్లేదు గానీ ఎంతమంది లోపలున్నారనే లెక్కని మాత్రం ప్రతి రీడరూ మార్చాల్సిందే, ఆ లెక్క ఉన్న క్యాష్ లైన్ (ప్రాసెసర్ తన దగ్గర పెట్టుకునే మెమరీ ముక్క) ప్రాసెసర్‌లోని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి తిరుగుతూనే ఉంటుంది, కోర్లు పెరిగేకొద్దీ ఈ ఖర్చూ పెరుగుతుంది. లోపల చేసే పని పెద్దదైతే తప్ప చదివినా రాసినా ఒకేసారి ఒక్కరినే రానిచ్చే మామూలు స్పిన్‌లాకే మేలని లినక్స్ డాక్యుమెంటేషన్‌లోనే రాసుంది, కొత్తగా ఈ రకం లాక్ పెట్టాలంటే ముందు అందరూ ఒప్పుకోవాలని కూడా ఉంది.

రైటర్ ఎదురుచూస్తుంటే కొత్త రీడర్లని ఆపేస్తే సరిపోతుందిగా, స్టార్వేషన్ (రైటర్‌కి ఎప్పటికీ వంతు రాకపోవడం) పోతుంది అని పుస్తకం చదివిన ప్రతి ఒక్కరూ అంటారు. కెర్నల్లో అది అంత తేలిక కాదండి. ఒక సీపీయూ రీడ్ లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపించి ముందు తన పని చేయించుకునే పిలుపు) వచ్చి అదే లాక్‌ని మళ్ళీ రీడ్ కోసం అడిగిందనుకోండి, ఈలోపు పక్క సీపీయూలో ఒక రైటర్ వచ్చి కాచుకుని ఉన్నాడు, ఇప్పుడు ఇంటరప్ట్‌ని ఆ రైటర్ వెనక నిలబెడితే ఏమవుతుంది? రైటర్ మొదటి రీడర్ కోసం చూస్తుంటాడు, ఆ రీడరేమో ఇంటరప్ట్ పని ముగిస్తే గానీ కదలదు, ఇంటరప్ట్ రైటర్ కోసం చూస్తుంది, మెషిన్ అక్కడే బిగుసుకుపోతుంది. అందుకే 2014లో లినక్స్‌లోకి వచ్చిన క్యూ పద్ధతి లాక్‌లో మామూలు రీడర్లు వరసలో ఆగుతారు, ఇంటరప్ట్‌లో వచ్చిన రీడర్ మాత్రం కాచుకున్న రైటర్‌ని దాటుకుని పోతుంది. ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) లిస్టుని కాపాడే టాస్క్‌లిస్ట్ లాక్ ఈ రకమే. డిజైన్ అంటే ఇలాంటివి ఆలోచించడం, ఇది నేర్పకుండా పుస్తకంలో లాక్ కోసం ఇచ్చే సెమాఫోర్ కోడ్ బట్టీ పట్టిస్తే ఏం లాభం?

2002లో కెర్నల్లోకి వచ్చిన ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్) పద్ధతి అయితే రీడర్‌తో అందరికీ కలిపి ఉండే ఏ లెక్కా రాయించదు, రైటరే కాపీ చేసుకుని మార్చి, కొత్తదాన్ని పాతదాని చోట పెట్టి, పాతది చూస్తున్నవాళ్ళంతా వెళ్ళిపోయాక దాన్ని పడేస్తాడు. 2023లో ప్రాసెస్ మెమరీకంతా ఉన్న ఒకే లాక్ మీద భారం తగ్గించడానికి ఒక్కో మెమరీ భాగానికి ఒక్కో లాక్ ఇచ్చారు, ఎందుకంటే ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే నడిచే బోలెడు థ్రెడ్లు పేజ్ ఫాల్ట్ (కావలసిన మెమరీ పేజీ సిద్ధంగా లేనప్పుడు కెర్నల్ చేసే పని) కోసం ఆ ఒక్కదాని దగ్గరే గుమిగూడేవి.

ఈసారి ఆ పేజీ వేసేటప్పుడు ఒక్క ప్రశ్న చేర్చండి సార్, "రీడ్ లాక్ తీసుకున్నప్పుడు మెమరీలో ఏం మారుతుంది?" అని.

ఇట్లు,
ఒక కెర్నల్ ఇంజినీర్,
హైదరాబాద్